ఆన్‌లైన్ ఖాతాలకు గుర్తింపు ధ్రువీకరణ: మా నెట్ సెంటర్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

కావలిలో మా నెట్ సెంటర్ షట్టర్ తీసేసరికే మెట్ల మీద ఎవరో ఒకరు పాస్‌బుక్ పట్టుకుని కూర్చుని ఉంటారు. "ఖాతా ఆగిపోయిందంట, కేవైసీ చెయ్యాలంట" అంటారు. కేవైసీ అంటే ఖాతా మనదేనని, మనం ఫలానా అని రుజువు చూపించడం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు అడిగిన ప్రశ్నలన్నీ ఒకచోట రాసిపెడితే కొందరికైనా బస్సు చార్జీ మిగులుతుందని ఇది రాస్తున్నాను. ఇన్నేళ్లుగా చూస్తున్నాను కదా, ఫోన్‌లో చేసే పని ఐదు నిమిషాలే. ఆధార్‌లో ఒక పేరు, పాన్‌లో ఇంకో పేరు, ఎప్పుడో వాడటం మానేసిన సిమ్ నంబరు ఉంటే ఆ ఐదు నిమిషాల పనికే నెల రోజులు పడుతుంది. అందుకే పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు అన్నిచోట్లా ఒకేలా ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. ఖాతాల సంగతి ఆ తర్వాత.

ఒకసారి కేవైసీ ఇచ్చాం కదా, బ్యాంకు మళ్లీ ఎందుకు అడుగుతోంది?

ఖాతా ఎవరిదో, ఆ మనిషి ఇంకా అదే చిరునామాలో ఉన్నాడో లేదో అప్పుడప్పుడూ చూసుకోవాలని రిజర్వు బ్యాంకు నిబంధన. మామూలు ఖాతాలకు 10 ఏళ్లకోసారి, మధ్యస్థంగా రిస్క్ ఉన్నవాటికి 8 ఏళ్లకోసారి, ఎక్కువ రిస్క్ అనుకున్నవాటికి 2 ఏళ్లకోసారి అడుగుతారు. మీ వివరాల్లో ఏ మార్పూ లేకపోతే కాగితాలన్నీ మళ్లీ ఇవ్వనక్కర్లేదు, "మార్పు లేదు" అని మీరు రాసిస్తే చాలు. అది కూడా బ్యాంకు యాప్‌లోనో, ఏటీఎంలోనో, రిజిస్టర్ చేసిన ఫోన్ నంబరు నుంచో ఇవ్వవచ్చు. ఈ సంగతి తెలియక పెద్దవాళ్లు ఎండలో క్యూలో నిలబడుతుంటే నాకు బాధేస్తుంది.

ఇంకో మాట. "ఈ రాత్రికి మీ ఖాతా బ్లాక్ అవుతుంది, ఈ ఫైల్ ఇన్‌స్టాల్ చేయండి" అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తే అది బ్యాంకు పంపింది కాదు. బ్యాంకు యాప్ ప్లే స్టోర్ నుంచే దించుకోవాలి. ఎవరో పంపిన ఫైల్ నొక్కితే, మీకు వచ్చే ఓటీపీలన్నీ, అంటే ఒక్కసారికే పనికొచ్చే రహస్య కోడ్లన్నీ, వాళ్లు చదివేస్తారు.

నా పేరు నాదే. "నేమ్ మిస్‌మ్యాచ్" అని ఎందుకు వస్తోంది?

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మనకు ఇంటిపేరు ముందు ఉంటుంది. దాన్ని ఒక్క అక్షరానికి కుదించి ఇనిషియల్‌గా రాసుకోవడం అలవాటు. పాన్ దరఖాస్తులో ఇనిషియల్స్ ఒప్పుకోరు, ఇంటిపేరు పూర్తిగా రాయాలి, అదీ విడిగా ఇచ్చిన గడిలో. పాన్ నంబరులో నాలుగో అక్షరం "పి" అయితే అది వ్యక్తి పేరున ఉన్న పాన్ అని అర్థం. ఐదో అక్షరం ఇంటిపేరులోని మొదటి అక్షరం. ఆ రోజు ఫారం నింపినవాళ్లు ఇంటిపేరు గడిలో మీ సొంత పేరు రాసి ఉంటే, ఆ ఐదో అక్షరమే సాక్ష్యం చెబుతుంది. మీ కార్డు తీసి ఒకసారి చూసుకోండి.

రెండో చిక్కు ఇంగ్లిషు స్పెల్లింగు. మన వైపు పెంచలయ్యలు, రమణయ్యలు, మస్తానయ్యలు ఎక్కువ. ఆ చివరి "అయ్య"ను ఒక ఆఫీసులో ఐ-ఏ-హెచ్ అని రాస్తారు, ఇంకో ఆఫీసులో వై-వై-ఏ అని రాస్తారు. పెంచలకోన స్వామి పేరు పెట్టుకున్న ఒకే మనిషి కంప్యూటర్‌కు ఇద్దరు మనుషుల్లా కనిపిస్తాడు. కౌంటర్‌లో కూర్చున్న మనిషికి చెబితే అర్థమవుతుంది. యంత్రానికి తెలిసింది అక్షరాలు పోల్చడమే.

సరిచేసుకోవాలంటే మొదట ఏదో ఒక కాగితాన్ని ఆధారంగా పెట్టుకోండి. చదువుకున్నవాళ్లయితే పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరు, పుట్టిన తేదీ పట్టుకోండి. ఉద్యోగం, పాస్‌పోర్ట్, పీఎఫ్ అన్నీ చివరికి దాని దగ్గరికే వస్తాయి. ముందు ఆధార్‌ను దానికి సరిపోయేలా మార్చి, ఆ తర్వాత పాన్, ఆ తర్వాత బ్యాంకు, చివరగా పీఎఫ్. వరుస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి. ఆధార్‌లో పేరు జన్మలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. కాబట్టి ఆపరేటర్ టైప్ చేశాక తెర మీద అక్షరం అక్షరం చదివి, రసీదులో కూడా చూసుకుని అప్పుడు లేవండి. వెనక జనం ఉన్నారని మొహమాటపడవద్దు.

పెళ్లయ్యాక మా అమ్మాయి ఇంటిపేరు మార్చాలా?

మార్చి తీరాలని ఏ చట్టమూ చెప్పడం లేదు. అత్తారింటి రేషన్ కార్డులో చేర్చాలని తొందరపడి ఆధార్‌లో ఇంటిపేరు మార్చేస్తారు. సర్టిఫికెట్లు, పాన్, బ్యాంకు ఖాతా మాత్రం పుట్టింటి పేరుతోనే ఉండిపోతాయి. తర్వాత ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరి పీఎఫ్ దగ్గర ఆగిపోతుంది. చిరునామా మార్చండి, అది మార్చాల్సిందే. పేరు మాత్రం అమ్మాయిని అడిగి, ఆమె సర్టిఫికెట్లు ముందు పెట్టుకుని నిర్ణయించండి. మార్చాలనే అనుకుంటే పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తీసుకుని అన్ని చోట్లా మార్చండి, సగంలో వదిలేయవద్దు.

ఓటీపీ రావడం లేదు. పాత నంబరు పోయింది. ఏం చేయాలి?

చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పని చేసి తిరిగి వచ్చినవాళ్లకు ఈ కష్టం ఎక్కువ. అక్కడ తీసుకున్న సిమ్‌తో ఖాతా తెరుస్తారు, ఊరికొచ్చాక రీఛార్జి చేయరు. వాడకుండా ఆగిపోయిన నంబరును 90 రోజులు గడిచాక కంపెనీ ఇంకొకరికి ఇవ్వవచ్చు. అంటే మీ బ్యాంకు ఓటీపీ ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్‌కు పోతుంది. సిమ్ వదిలేసే ముందే బ్యాంకులో, ఆధార్‌లో, జీమెయిల్‌లో నంబరు మార్చుకోండి. కనీసం ఆ మార్పు అయ్యేదాకా చిన్న రీఛార్జి అయినా వేస్తూ ఉండండి.

ఆధార్‌కు ఏ నంబరు లింక్ అయిందో గుర్తు లేకపోతే మై ఆధార్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. మీరు ఇచ్చిన నంబరు అదేనో కాదో అది చెబుతుంది. ఆధార్ హెల్ప్‌లైన్ 1947కు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు. కొత్త నంబరు చేర్చాలంటే ఆధార్ సెంటర్‌కో, ఆ సౌకర్యం ఉన్న పోస్టాఫీసుకో వెళ్లి వేలిముద్ర ఇస్తే చాలు, కాగితాలేవీ అడగరు. నడవలేని పెద్దవాళ్లుంటే పోస్ట్‌మ్యాన్‌ను అడగండి. పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు తరఫున ఇంటికే వచ్చి మొబైల్ నంబరు అప్‌డేట్ చేసే ఏర్పాటు ఉంది.

సిమ్ పాడై అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకుంటే మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. అది దొంగల నుంచి కాపాడటానికి పెట్టిన నియమం, టెన్షన్ పడకండి. కానీ మీరు ఏ సిమ్మూ మార్చకుండానే ఫోన్‌లో సిగ్నల్ పోయి గంటల తరబడి రాకపోతే వెంటనే ఇంకో ఫోన్ నుంచి కంపెనీకి, బ్యాంకుకు చెప్పండి. మీ పేరుతో ఎవరో సిమ్ తీసుకుని ఉండవచ్చు.

ఇంట్లో అందరి ఆధార్లకూ ఒకే నంబరు పెట్టవచ్చా?

పెట్టవచ్చు. ఒక నంబరుకు ఇన్ని ఆధార్లే అన్న పరిమితి లేదు. కానీ ఆ నంబరు బెంగళూరులో ఉన్న కొడుకుదైతే, ఇక్కడ అమ్మ బ్యాంకులో నిలబడి కొడుకు మీటింగ్ అయ్యేదాకా ఎదురుచూడాలి. అమ్మకు బటన్ ఫోన్ అయినా సరే సొంత నంబరు ఉండటం మంచిది. ఆమె డబ్బు మీద ఆమెకు హక్కు ఉండాలంటే ఓటీపీ ఆమె చేతికే రావాలి.

వేలిముద్ర పడటం లేదు. మా నాన్న పింఛను, ఖాతా ఎలా?

చీమకుర్తి గ్రానైట్‌లో పాలిష్ పట్టినవాళ్లు, మార్కాపురంలో పలకలు కోసినవాళ్లు, ఐసులో చేతులు పెట్టి రొయ్యలు వలిచే ఆడవాళ్లు, పొగాకు గ్రేడింగ్ చేసేవాళ్లు... వీళ్ల వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. అందులో వాళ్ల తప్పేమీ లేదు. యంత్రం "ఫెయిల్" అని చూపిస్తే ఆ మనిషి తల వంచుకుని వెళ్లిపోవడం చూశాను. దానికి దారులున్నాయి, అడిగి చేయించుకోండి.

ముందు చేతులు సబ్బుతో కడిగి, బాగా తుడిచి, పది వేళ్లూ ఒక్కొక్కటిగా ప్రయత్నించండి. బొటనవేలే పెట్టాలని లేదు, చాలామందికి ఉంగరపు వేలు బాగా పడుతుంది. చలికాలంలో చర్మం పొడిబారితే తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే పనవుతుంది. అప్పటికీ పడకపోతే కంటిపాప స్కానర్ ఉందేమో అడగండి. లేదా ముఖం ద్వారా ధ్రువీకరణ చేయమనండి. పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్, అంటే జీవన్ ప్రమాణ్, 2021 నుంచి ముఖంతోనే ఇవ్వవచ్చు. పీఎం కిసాన్ ఈ-కేవైసీ కూడా యాప్‌లో ముఖం చూపించి చేయవచ్చు. వెలుతురు ముఖం మీద పడేలా వసారాలో కూర్చోబెట్టండి, కిటికీ వెనక ఉంటే ఫొటో నల్లగా వస్తుంది. కళ్లు ఆర్పమన్నప్పుడు ఆర్పాలి, పెద్దవాళ్లకు ఇది ముందే చెప్పాలి.

ఆధార్ తీసుకుని పదేళ్లు దాటితే ఒకసారి బయోమెట్రిక్ అప్‌డేట్, అంటే వేలిముద్రలు, కంటిపాప మళ్లీ ఇవ్వడం, చేయించండి. పాత గీతలతో ఇప్పటి వేలిని పోల్చితే ఎలా కలుస్తుంది?

చిన్నపిల్లల ఆధార్‌కు ఏమైనా చేయాలా?

5 ఏళ్లు నిండాక ఒకసారి, 15 నిండాక ఒకసారి వేలిముద్రలు, కంటిపాప ఇవ్వాలి. 5 నుంచి 7 ఏళ్ల లోపు, 15 నుంచి 17 ఏళ్ల లోపు చేయిస్తే డబ్బు తీసుకోరు. ఇంటర్‌లో చేరేటప్పుడు హడావిడి పడేకన్నా వేసవి సెలవుల్లో చేయించండి.

ఇంట్లోనే ఫోన్‌లో ఖాతా తెరిచాను. లక్ష దాటాక ఎందుకు ఆపారు?

ఎవరూ మిమ్మల్ని చూడకుండా, ఆధార్ ఓటీపీ ఒక్కదానితో తెరిచిన ఖాతాకు పరిమితులు ఉంటాయి. నిల్వ లక్ష రూపాయలు దాటకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో జమ అయ్యే మొత్తం 2 లక్షలు దాటకూడదు, ఏడాదిలోపు పూర్తి కేవైసీ అయిపోవాలి. రొయ్యల చెరువు పట్టుబడి అయ్యాక ఒకే దెబ్బకు లక్షలు పడే రైతు ఇలాంటి ఖాతా నంబరు ఇస్తే డబ్బు ఇరుక్కుంటుంది. పట్టుబడికి ముందే బ్రాంచికి వెళ్లి గానీ, వీడియో కేవైసీ చేసి గానీ పూర్తి ఖాతాగా మార్చుకోండి.

వీడియో కేవైసీలో ఏం అడుగుతారు?

2020 జనవరిలో రిజర్వు బ్యాంకు దీనికి అనుమతి ఇచ్చింది. బ్యాంకు ఉద్యోగి వీడియో కాల్‌లో మీతో నేరుగా మాట్లాడతారు, ఫొటో తీసుకుంటారు, ఒరిజినల్ పాన్ కార్డు చూపించమంటారు. మీరు దేశంలోనే ఉన్నారని తెలియడానికి ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేయాలి. తెల్లకాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి, సంతకం చేసి చూపించమనే బ్యాంకులు ఉన్నాయి. ప్రశ్నలకు మీరే జవాబు చెప్పాలి. పక్కనుంచి ఎవరైనా అందిస్తే కాల్ కట్ చేస్తారు. అందుకే మా సెంటర్‌లో వీడియో కేవైసీ చేసేవాళ్లను వెనక గదిలో ఒంటరిగా కూర్చోబెడతాను. తెలుగు మాట్లాడే ఉద్యోగి కావాలని మొదట్లోనే అడగండి. ఉదయగిరి కొండల వైపు సిగ్నల్ సరిగా లేని ఊళ్లవాళ్లు పట్టణానికి వచ్చిన రోజే ఈ పని పెట్టుకోవడం మంచిది.

ఆధార్ ఫొటో వాట్సాప్‌లో అడుగుతున్నారు. పంపవచ్చా?

మొదటి 8 అంకెలు కనిపించకుండా చివరి 4 అంకెలే చూపే మాస్క్‌డ్ ఆధార్ మై ఆధార్ పోర్టల్‌లో దొరుకుతుంది. లాడ్జికి, అద్దె ఇంటికి, కొరియర్‌కు అదే ఇవ్వండి. ఆ పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డ్ మీ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిషు పెద్ద అక్షరాలు, ఆ వెంటనే పుట్టిన సంవత్సరం. ఆధార్ నంబరు చెప్పాల్సిన చోట దాని బదులు 16 అంకెల వర్చువల్ ఐడీ ఇవ్వవచ్చు, దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

జిరాక్స్ ఇవ్వక తప్పకపోతే దాని మీద అడ్డంగా ఏ పనికి, ఏ తేదీన ఇచ్చారో పెన్నుతో రాయండి. నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించుకుంటే ఆ ఫైల్‌ను మీ కళ్ల ముందే తొలగించమని అడగండి. నేను అడగకముందే తొలగించి చూపిస్తాను, అలా చేయనివాళ్లను అడిగే హక్కు మీకుంది.

వేలిముద్రతో ఖాతాలోంచి డబ్బు తీసే పద్ధతి మీరు వాడకపోతే ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ వేయండి. భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలకు నకలు చేసి డబ్బు కాజేసిన కేసులు మన రాష్ట్రంలో జరిగాయి. లాక్ వేసి ఉంటే నకలు వేలు పనికిరాదు. సచివాలయంలో వేలిముద్ర పెట్టాల్సి వచ్చినప్పుడు కాసేపు తీసి మళ్లీ వేసుకోవచ్చు.

డిజిలాకర్‌లో ఉన్నది చూపిస్తే ఒప్పుకుంటారా?

ఒప్పుకోవాలి. డిజిలాకర్ అంటే మన పత్రాలు ఫోన్‌లోనే ఉంచుకునే ప్రభుత్వ సేవ. 2015లో మొదలైన ఈ సేవలో ప్రభుత్వ శాఖ నేరుగా ఇచ్చిన పత్రం చట్టప్రకారం ఒరిజినల్‌తో సమానం. మీరు ఫొటో తీసి ఎక్కించుకున్న దానికి ఆ విలువ లేదు, ఆ తేడా గమనించండి. కుల, ఆదాయ ధ్రువపత్రాల్లాంటివి కావాలంటే 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మన మిత్ర వాట్సాప్ సేవలోనూ అడగవచ్చు. ఆ నంబరు 95523 00009. అలాంటి పేరుతోనే వేరే నంబరు నుంచి మెసేజ్ వస్తే నమ్మవద్దు.

మీ సెంటర్‌లోనే చేయిస్తున్నాం కదా, ఓటీపీ మీకు చెప్పవచ్చా?

నాకు కూడా చెప్పకండి. కీబోర్డు మీవైపు తిప్పుతాను, మీరే కొట్టండి. చదవడం రానివాళ్లకు మెసేజ్ మొత్తం పైకి చదివి వినిపిస్తాను, ఎందుకంటే ఏ పనికి వచ్చిన ఓటీపీనో ఆ మెసేజ్‌లోనే ఉంటుంది. కేవైసీ అని చెప్పి, మెసేజ్‌లో ఇన్ని రూపాయలు తీయడానికి అని ఉంటే అక్కడే ఆపేయాలి. యూపీఐ పిన్ డబ్బు పంపడానికి, నిల్వ చూసుకోవడానికే. డబ్బు రావడానికి పిన్ కొట్టమంటే అది మోసం.

నా జీమెయిల్ ఎవరో నెట్ సెంటర్ వాళ్లు తెరిచారు. ఇప్పుడు తెరుచుకోవడం లేదు.

ఈ తప్పు మా వృత్తిలోవాళ్లం చేసిందే. పదేళ్ల కింద దరఖాస్తుల సీజన్‌లో పిల్లలు వందల్లో వచ్చేవారు. తొందరలో మా ఫోన్ నంబరు పెట్టి, అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టి మెయిల్ తెరిచేశాం. నేనూ చేశాను. ఒక అమ్మాయి కాల్ లెటర్ ఆ మెయిల్‌కు వచ్చిందని గడువు దాటాక తెలిసింది. ఆ రోజు నుంచి మానేశాను, పాత నంబర్లున్న మెయిళ్లను ఎవరు తెచ్చినా డబ్బు తీసుకోకుండా సరిచేస్తున్నాను.

మీ మెయిల్ ఇంకా ఏదైనా ఫోన్‌లో తెరిచి ఉంటే అదే అదృష్టం. అందులోంచే రికవరీ నంబరు మీది పెట్టి పాస్‌వర్డ్ మార్చండి. ఎక్కడా తెరిచి లేకపోతే, మొదట తెరిచిన సెంటర్‌కు వెళ్లి వాళ్ల నంబరుకు వచ్చే కోడ్ అడగండి. మీదైపోయాక రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగేది) పెట్టుకుని, బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైల్‌లో దాచండి. ఫోన్ పోయినా ఆ కాగితంతో ఖాతా తెరవవచ్చు.

మా కాలేజీకి, మా సొసైటీకి ఆన్‌లైన్ ఖాతాలు పెడుతున్నాం. ధ్రువీకరణ జనానికి తేలికగా ఎలా ఉంచాలి?

ఇలా అడిగినవాళ్లు తక్కువ. అడగాల్సినవాళ్లు చాలామంది. ఫీజు కట్టడానికి, హాల్ టికెట్ తీసుకోవడానికి ఆధార్ నంబరు ఎందుకు? అడ్మిషన్ నంబరు, పుట్టిన తేదీ, ఫోన్‌కు ఒక కోడ్ చాలు. మీరు తీసుకోని సమాచారం మీ దగ్గర్నుంచి ఎవరూ దొంగిలించలేరు. వాట్సాప్ గ్రూపులో ఆధార్ ఫొటోలు పంపమని ఎప్పుడూ చెప్పవద్దు.

పేరు పోల్చేటప్పుడు ఇంటిపేరు ముందున్నా వెనకున్నా, ఇనిషియల్ పక్కన చుక్క ఉన్నా లేకపోయినా ఒకటిగానే తీసుకునేలా ప్రోగ్రామర్‌కు చెప్పండి. అక్షరం తేడా వస్తే తిప్పి పంపకుండా ఒక మనిషి చూసే జాబితాలో పెట్టండి. ఓటీపీకి మరీ తక్కువ సమయం పెడితే ఊళ్లలో మెసేజ్ వచ్చేసరికి గడువు అయిపోతుంది. తప్పు వచ్చినప్పుడు తెర మీద ఏది తప్పో తెలుగులో చెప్పండి. "ఇన్‌వాలిడ్" అన్న ఒక్క మాట చూసి ఇంకో ఊరి నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లున్నారు. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు వస్తే కార్డు చూసి పని పూర్తి చేసే కౌంటర్ ఒకటి తప్పక ఉంచండి.

ఓటీపీ చెప్పేశాను, డబ్బు పోయింది. ఇప్పుడు?

చదవడం ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే అంత ఎక్కువ డబ్బును మధ్యలో ఆపగలుగుతారు. తర్వాత బ్యాంకుకు చెప్పి ఫిర్యాదు నంబరు రాసుకోండి. మీ తప్పు లేకుండా, బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాళ్ల వల్ల డబ్బు పోతే, 3 పనిదినాల్లోపు చెప్పినవాళ్లకు నష్టం లేకుండా చూడాలని 2017 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ఉంది. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసే వరకు పోయింది మీ నష్టమే, తెలియజేశాక పోయింది బ్యాంకుది. కాబట్టి సిగ్గుపడి రేపటికి వాయిదా వేయకండి.

ఆ పని అయ్యాక టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడండి. మన రాష్ట్రంలో ఒకరి పేరు మీద 9 వరకు ఉండవచ్చు. మీవి కానివి కనిపిస్తే అక్కడే "నాది కాదు" అని పెట్టవచ్చు.

మీ దగ్గరికి వచ్చేటప్పుడు ఏమేం తేవాలి?

ఖాతా ఎవరిదో ఆ మనిషే రావాలి. ఆధార్, పాన్, పాస్‌బుక్ ఒరిజినల్స్, చదువుకున్నవాళ్లయితే పదో తరగతి సర్టిఫికెట్ తీసుకురండి. లింక్ అయిన సిమ్ ఉన్న ఫోన్ చార్జింగ్‌తో, రీఛార్జి ఉండేలా తెండి. సిమ్ ఇంట్లో వేరే ఫోన్‌లో ఉంటే ఆ ఫోనే తేవాలి. నెలాఖరులో, పింఛన్లు ఇచ్చే రోజుల్లో సర్వర్ నెమ్మదిగా ఉంటుంది, మధ్యలో రండి. పొద్దున పదిన్నరకు ముందు వస్తే ఓటీపీలు త్వరగా పడతాయి.